పుచ్చకాయ రిపోర్టు

తప్పులు పట్టినందుకు జీతం తీసుకునే మనిషిని నేను. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదమూడేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాము ఎక్కడ కూలుతుందో ముందే పసిగట్టడం నా పని. ఇంట్లో కూడా సాంబారులో ఉప్పు దగ్గర్నుంచి మా ఆయన చొక్కా ఇస్త్రీ దాకా వంక పెడతానని పేరుంది. అలాంటి దాన్ని, నా ఒంటి గురించి నేనే దొంగ రిపోర్టు ఇచ్చాను.

మా ఆఫీసు పద్ధతి కొంచెం చెప్పాలి. ప్రతి సోమవారం పని ఎలా సాగుతోందో రంగుతో చెప్పాలి. బాగుంటే పచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, మునుగుతుంటే ఎరుపు. ఎరుపు పెట్టామంటే పై వాళ్లు అరడజను మంది కాల్‌లోకి దూకి, గంటకోసారి ‘అప్‌డేట్ ఏంటి’ అంటూ ప్రాణం తోడేస్తారు. అందుకని కొంప మునుగుతున్నా అందరం పచ్చే పెడతాం. పైన పచ్చ, లోపల ఎరుపు కాబట్టి మా టీములో దానికి పుచ్చకాయ రిపోర్టని పేరు. నవ్వుకుంటూనే పంపిస్తాం.

జబ్బు అరికాళ్లలో మొదలైంది. ఒక బుధవారం సాయంత్రం వట్టి కాళ్లతో నడుస్తున్నా మేజోళ్లు వేసుకున్నట్టే అనిపించింది. రోజంతా కూర్చునే కుర్చీది తప్పనుకున్నాను. “బి ట్వెల్వ్ తక్కువై ఉంటుందిలే” అని మా ఆయన మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చారు. ఆయనదీ సాఫ్ట్‌వేరే. ఆయన లెక్కలో అన్ని జబ్బులూ బి ట్వెల్వే. శుక్రవారానికి తిమ్మిరి మోకాళ్లు దాటింది. నడుం చుట్టూ లంగా బొందు మరీ బిగించి ముడేసినట్టు పట్టేసింది, వదులు చేసుకుందామంటే అక్కడ బొందూ లేదు, ముడీ లేదు. శనివారం పొద్దున మూత్రం రాలేదు. లేవబోతే కుడికాలు నా మాట వినలేదు. అప్పుడు గట్టిగా అరిచాను. పెళ్లైన కొత్తలో కూడా నన్ను ఎత్తుకోని మనిషి, ఆ రోజు లిఫ్టు దాకా మోసుకెళ్లారు.

ఎమ్మారై తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుంది. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది.

“వెన్నుపాములో వాపు వచ్చిందండి. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అంటారు. చాలా అరుదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి నరాల మీద పడింది.”

కంచే చేను మేసిందన్నమాట. నాకు కావాల్సింది ఒక్కటే. “నడుస్తానా?” అని అడిగాను.

“కొందరు మునుపటిలాగే నడుస్తారు. కొందరు కర్రతో. కొందరు కుర్చీకే పరిమితమైపోతారు. మీరెవరో ఇవాళ నేను చెప్పలేను. రావాల్సిన బలంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని నెలల్లో వస్తుంది. ఆ తర్వాత కూడా, రెండేళ్ల దాకా కొద్దికొద్దిగా రావచ్చు.”

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువు చదివి అవునో కాదో చెప్పలేదా అనుకున్నాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఐదు రోజులు నరంలోకి స్టెరాయిడ్ ఎక్కిస్తారు. దానికి వాపు లొంగితే సరే. లొంగకపోతే మెడలో గొట్టం వేసి, రక్తం బయటికి తీసి, అందులోని ప్లాస్మా మార్చి మళ్లీ ఎక్కిస్తారు. అది చేయాలంటే ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. మెడలో గొట్టమన్నది నా చెవికెక్కింది. త్వరగా అన్నది ఎక్కలేదు.

రోజూ పొద్దున్నే ఒక జూనియర్ డాక్టరు సూది పట్టుకుని వచ్చేవాడు. నన్ను కళ్లు మూసుకోమనేవాడు. స్పర్శ ఉందో లేదో చూడటానికి కాలి మీద సూది మొన ఆనించి “ఇప్పుడు?” అని అడిగేవాడు. “ఉంది” అనేదాన్ని. ఇంకో చోట ఆనించి మళ్లీ “ఇప్పుడు?” అనేవాడు. “ఉంది.” ఆనించినప్పుడల్లా అడుగుతాడు, ఆనించకుండా ఒక్కసారీ అడగడు. ఉంది అంటే చాలు, పాసైపోతాను. అన్నిటికీ అవుననే జవాబే వచ్చే పరీక్ష పరీక్షే కాదని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. ఎడమకాలి వేళ్లు నిజంగానే కొంచెం కదిలేవి కాబట్టి నా అబద్ధానికి ఓ ఊతం కూడా దొరికింది. “నిన్నటికంటే బెటర్” అనేదాన్ని. అతను రాసుకుని వెళ్లిపోయేవాడు. మా ఆయన వరండాలో నిలబడి, తగ్గుతోందని చుట్టాలందరికీ ఫోన్లు చేసేవారు.

ఎందుకలా చేశానంటే, భయం. ఎరుపని నా నోటితో చెబితే అది నిజమైపోతుందని భయం.

నాలుగో రోజు మధ్యాహ్నం వార్డు ఆయమ్మ నా ఒళ్లు తుడుస్తోంది. పుప్పాలగూడలో పుట్టి పెరిగిన మనిషి. నేనూ అక్కడే ఉంటానని తెలిశాక, “మీ అపార్ట్‌మెంట్ ఉన్నకాడ మేం జొన్న ఏస్తుంటిమి బిడ్డా” అంటూ బోలెడు కబుర్లు చెప్పేది. ఆ రోజు కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేసింది. నా కుడి మడమ కింద నుంచి నీలం రంగు సూది మూత ఒకటి తీసి చూపించింది. అది ఉన్న చోట చర్మం గుంటపడి కందిపోయింది.

“పొద్దుగాల సూది ఏసినప్పటి సంది ఈడనే ఉన్నట్టుంది. నీకు తెల్వలేదా?”

తెలిసిందని చెప్పబోయాను.

“డాక్టరమ్మకు మంచిగైతున్నదని చెప్తున్నవట. ఇగ గిట్ల చెప్తే ఆమెకెట్ల తెలుస్తది? మా ఇంటాయన గూడ గిట్లనే షుగర్ పుండు దాచిపెట్టిండు. మోకాలి దాంక తీసేసిన్రు.” తడిగుడ్డ బకెట్లో పడేసి నా మొహంలోకి చూసింది. “నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?”

నాకు సిగ్గేసింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఏడుస్తూనే డాక్టరమ్మను పిలవమన్నాను.

ఈసారి పెద్ద డాక్టరే సూది పట్టుకుంది. నా మొహం మీద తువ్వాలు వేసింది. ఒక్కోసారి ఆనించి, ఒక్కోసారి ఆనించకుండానే, చోటు పేరు చెప్పి “ఇప్పుడు?” అంటానని ముందే చెప్పింది. ఏది ఏదో నాకు తెలిసే దారి లేదు. వేళ్ల దగ్గర లేదన్నాను. మోకాలి దగ్గర లేదన్నాను. తొడ, పొత్తికడుపు, లేదు, లేదు. పక్కన మా ఆయన ఊపిరి వినిపిస్తోంది. బొడ్డు దగ్గర కూడా లేదు. పక్కటెముకల కింద మొదటిసారి ఉందన్నాను. తువ్వాలు తీసేసరికి మా ఆయన గోడవైపు తిరిగి ఉన్నారు. డాక్టరు నా పొట్ట మీద పెన్నుతో గీత గీసింది. చేరిన రోజే గీసి ఉంటే ఆ గీత బొడ్డు కింద ఉండేది.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. “రేపు పొద్దున్నే ప్లాస్మా మొదలుపెడదాం. ఇంకా ఆలస్యం కాలేదనే అనుకుంటున్నాను” అంది. ఆ ‘అనుకుంటున్నాను’ నన్ను వారం రోజులు తిననివ్వలేదు.

రోజు విడిచి రోజు, మొత్తం ఐదుసార్లు ప్లాస్మా మార్చారు. యంత్రం తిరుగుతున్నంతసేపూ చలి, పెదాలు చిమచిమలాడేవి. మొదటిసారి స్పర్శేమీ రాలేదు. రెండోసారీ రాలేదు. జూనియర్ డాక్టరు అడిగినప్పుడల్లా లేదనే చెప్పాను. మూడోసారి తర్వాత పెన్ను గీత రెండు వేళ్లు కిందికి దిగింది. నాలుగోది అయిన మధ్యాహ్నం ఆయమ్మ వచ్చి, “కండ్లు మూసుకో బిడ్డా” అంది.

“ఏమన్న తెలుస్తుందా?”

“లేదు.”

“ఇప్పుడు?”

“లేదమ్మా.”

ఆమె ఇంక అడగలేదు. వెళ్లిపోయిందేమో అనుకున్నాను. అంతలో చాలా దూరంలో ఎక్కడో, కుడివైపు, ఏదో గోరువెచ్చగా తగిలింది.

“బొటనవేలు,” అన్నాను. “పట్టుకున్నారు కదా?”

“నిజంగనేనా? నా కోసం చెప్తలేవు గదా?”

“నిజంగానే. మిగతా నాలుగూ తెలియడం లేదు.”

ఆ నాలుగూ తెలియడం లేదన్నందుకే ఆమె నమ్మింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మా ఆయన్ని పిలవడానికి వెళ్లింది.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాను, వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తున్నాను. కుడి పాదానికి వేడి తెలియదు కాబట్టి నీళ్లు చేత్తో చూసుకుని పోసుకుంటాను. డాక్టరు చెప్పిన రెండేళ్లలో ఇంకా ఆరు నెలలు మిగిలాయి, నాకు వాటి మీద ఆశ చావలేదు. మొన్న చెకప్‌కు వెళ్తే ఎలా ఉందని డాక్టరు అడిగింది. మా ఆయన అలవాటు కొద్దీ “చాలా బెటర్ అండి” అన్నారు. నేను చెప్పు విప్పి కాలు ముందుకు చాపాను. “మూడు వేళ్లు తెలుస్తున్నాయండి, రెండు తెలియడం లేదు. మీరే చూడండి” అని కళ్లు మూసుకున్నాను.