గెడ్డలో మద్దిమాను

ఈ పొద్దున మా క్వార్టర్ ముందు మురుగుకాలవలో గాలివానకు విరిగిన వేపకొమ్మ అడ్డంగా పడి ఉంది. దాని వెనక ఆకులూ ఇసుకా పేరుకుని చిన్న మడుగు కట్టింది. ఎదురింటాయన కొమ్మను లాగేసి, నీళ్ళు సర్రున పోతుంటే తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి మడుగు ఖాళీ అయ్యేదాకా చూశాను.

పెందుర్తి అవతల కొండ కింద, గెడ్డ ఒడ్డున, మా మావయ్యకు వంగ, బీర పండే మడి ఉండేది. కొండమీంచి దిగే ఆ వాగులో ఏనాడో కూలిన పెద్ద మద్దిమాను ఒకటి పడి ఉండేది. నీళ్ళు దానికి తగిలి నెమ్మదించి, వెనక మడుగు కట్టి, మెత్తని ఒండ్రు దింపి, దాని చివర వంపు తిరిగి వెళ్ళేవి. వేసవి సెలవుల్లో ఆ మాను మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. పలకరించడానికి చేపపిల్లలు తప్ప ఎవరూ రారు కాబట్టి నాకు ప్రాణం హాయిగా ఉండేది. నడివేసవిలోనూ మావయ్య నూతిలో నీళ్ళు చేతికందేలా ఉండేవి.

చిక్కల్లా ఆ వంపుతోనే. ఏటా వానల్లో అది మడిగట్టును కాస్త కొరికేది. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలైన రోజుల్లో, ఒక వేసవిలో, మావయ్యకు ఇక ఓపిక చాలలేదు. "మాను తీసేత్తే గెడ్డ తిన్నగా పోద్ది బావా" అని మా నాన్నను ఒప్పించి, ఎడ్లనూ మోకులనూ తెచ్చాడు. అత్త గట్టు మీద నిలబడి, "మడుగు పోతే నాను బట్టలెక్కడ ఉతకాల, నీ నెత్తి మీదా?" అంది. మావయ్య బట్టతల చూసి నాన్న, "ఉతుకు సెల్లీ, బండకన్నా నున్నగుంటాది" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుల్లోనే మాను కదిలింది.

మావయ్య చెప్పినట్టే గెడ్డ తిన్నగా పోయింది. ఆపేది లేక ఉరుకు పట్టి, తన అడుగును తానే కోసుకుంటూ దిగిపోయింది. కింద నేల జారి, మడి పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడింది. వానలు వెనకబట్టాక నూతి నీరూ గెడ్డ వెంటే దిగిపోయింది. చేద వేస్తే రాయి మోగింది. మావయ్య తాటిదుంగలు దొర్లించి అడ్డం వేశాడు. మరుసటేటి వరద వాటిని పుల్లల్లా ఎత్తుకుపోయింది. ఆఖరికి ఫ్యాక్టరీలో మట్టి మొయ్యడానికి కుదిరాడు. ఒకనాడు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ నాతో అన్నాడు: "గెడ్డ మీద నాకు కోపం నేదే అమ్మీ. దారిచ్చినోడ్ని నానే కదా."

కొండ మీది చెట్లన్నీ అప్పటికే వంటచెరకుగా పట్నం చేరాయి. అంత లావు మాను మళ్ళీ ముదిరి, కూలి, దాని వెనక ఒండ్రు దిగేదాకా ఆగే కాలం మావయ్యకు లేదు. నాకూ లేదు.