నువ్వు అన్నందుకు

నాకు కోపం ఎక్కువని కాగితం మీద రాసి ఉంది. ఎనిమిదో తరగతిలో మా క్లాసు మాస్టారు నీలం ఇంకుతో రాశారు. గుంటూరు పక్కన ఒక పల్లె బడిలో చేరి అప్పటికి నాకు నాలుగు నెలలు.

మాది ఆదోని వైపు. వానలు మొహం చాటేస్తే మా ఊళ్లో సగంమంది మిరపకాయలు కోయడానికి ఇటు వస్తారు. ఆ ఏడు అమ్మానాన్నలు నన్నూ వెంట తెచ్చుకున్నారు. కాయలు ఎండబోసే కల్లం పక్కన, పరదా పట్టా కింద కాపురం. పొద్దున్నే వాళ్లు చేలోకి, నేను బడికి.

చేరిన వారానికే మాస్టారు బోర్డు మీద ఒక లెక్క తప్పు చేశారు. నేను లేచి, "సార్, నువ్వు ఆడ తప్పు రాసినావు, చూడు" అన్నాను. క్లాసంతా బిగుసుకుపోయింది.

"నన్ను నువ్వంటావా? మీ ఊళ్లో పెద్దవాళ్లతో ఇలాగే మాట్లాడతారా?" అన్నారు మాస్టారు.

"ఔ సార్, ఇట్లే మాట్లాడతాము."

అడిగారు కాబట్టి ఉన్నదే చెప్పాను. మాకు సార్ అన్నాక గౌరవం అందులోనే వచ్చేస్తుంది, మళ్లీ మీరు ఎందుకు? క్లాసు గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. లెక్క కూడా దిద్దలేదు.

పక్క బెంచీ పిల్ల జాలిపడి, "ప్రతి మాట చివరా అండి తగిలించవే, సరిపోద్ది" అంది. మర్నాడు తగిలించాను. "నువ్వు రాండి సార్" అన్నాను. ఆ దెబ్బతో నా పేరు పోయి, బడి బడంతా నన్ను 'నువ్వు రాండి' అని పిలవడం మొదలెట్టింది. ఎందుకు అనడానికి మేము ఏంటికి అంటాం. ఒకత్తె దాన్ని పట్టుకుని వెక్కిరిస్తే జడ పట్టి గుంజాను. ఏడుపు రాలేదని కాదు. వాళ్ల ముందు ఏడ్చేకంటే జడ గుంజడమే నయమనిపించింది. అందుకు నాకు ఇప్పటికీ చింత లేదు.

కోతలు అయిపోవచ్చాయి. అమ్మానాన్నలు వెళ్లిపోయాక నేను చదవాలంటే ఒంగోలు హాస్టల్లో సీటు రావాలి. రాకపోతే నేనూ కూలికే. దరఖాస్తులో 'విద్యార్థి స్వభావం' అని ఒక గడి ఉంది. మాస్టారు అందులో "కోపం ఎక్కువ. పెద్దలంటే గౌరవం లేదు" అని రాసి నా చేతికిచ్చారు.

కల్లంలో రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న అమ్మకు అది చదివి వినిపించాను. అమ్మ లేచి కొంగు దులుపుకుని, మిరపకాయలతో మండుతున్న చేతులు కూడా కడుక్కోకుండా బడికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. మాస్టారి బల్ల ముందు నిలబడి ఆ చేతులు రెండూ జోడించింది.

"సార్, నువ్వు నా బిడ్డకు దేవుడంతటోనివి. నువ్వే ఇట్ల రాస్తే ఎట్ల సార్? దీనికి సదువు ఇంగ యాడుంటాది?"

మాస్టారు తలెత్తి అమ్మనే చూస్తూ ఉండిపోయారు. దండం పెడుతూ నువ్వు అనే మనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

"మీరూ నన్ను నువ్వనే అంటున్నారమ్మా" అన్నారు మెల్లిగా.

అమ్మకు అందులో తప్పేముందో అర్థం కాలేదు. "ఇంగేమనాల సార్? దేవునికి గూడా నువ్వే కాపాడు సామీ అనే కదా మొక్కుకుంటాము."

మాస్టారు నా వైపు చెయ్యి చాపారు. కాగితం తీసుకుని "పెద్దలంటే గౌరవం లేదు" అన్నదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. పెన్ను మొదటి వాక్యం మీదికి వచ్చి ఆగింది.

"ఇది కూడా కొట్టేయనా?" అని నన్నే అడిగారు.

ఊ అనమని అమ్మ వెనక నుంచి నా వీపులో పొడిచింది.

"వద్దు సార్, దాన్ని ఉండనీ" అన్నాను. "అది మాత్రం నువ్వు తప్పు రాయలేదు."

ఆ ఒక్క వాక్యంతోనే నాకు ఒంగోలులో సీటు వచ్చింది.