అమ్మ చేతి ముద్ద

ఎక్కడ డెట్టాల్ వాసన తగిలినా నాకు అమ్మ చెయ్యి గుర్తొస్తుంది.

అమ్మ రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి, లేనివాళ్లకని వేరే డబ్బాలో పోసేది. ఆదివారం చర్చి అయ్యాక ఆ బియ్యం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, కాలవగట్టున ఒంటరిగా ఉండే సుందరమ్మగారింటికి వెళ్లేది. ఆవిడకు కుష్ఠు. ఆ కాళ్ల పుళ్లను అమ్మ డెట్టాల్ నీళ్లతో కడిగి కట్టు కట్టేది. ముట్టుకుంటే వేళ్లు ఊడిపోతాయని స్కూల్లో విన్న నేను గుమ్మం బయటే నిలబడేదాన్ని.

ఒక ఆదివారం ఇంటికొచ్చాక అమ్మ పప్పన్నం కలిపి ముద్ద నోటికందించింది. ఆ చేతికి ఇంకా డెట్టాల్ వాసన. నోరు మూసుకుని గోడకు అతుక్కుపోయాను.

"ఏంటమ్మా, ఆకలెయ్యట్లేదా?"

"నీ చెయ్యి వద్దు! నా వేళ్లు కూడా ఊడిపోతాయి!"

అమ్మ తిట్టలేదు. కాసేపు తన వేళ్లకేసి చూసుకుని, లేచి చెంచా తెచ్చి నా కంచంలో పెట్టింది.

మరుసటి ఆదివారం సుందరమ్మగారు అడిగారు. "పాప లోపలికి రాదేంటండి?"

"దానికి జలుబండి. మీకు అంటుకుంటుందని నేనే రావద్దన్నాను" అంది అమ్మ.

నాకు జలుబు లేదు. అమ్మ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే.