ముత్తయ్య ఒంటి మీద మా నాయన చొక్కా

ఖమ్మంలో మా సందు చివర ఈ మధ్య ఒక సెలూన్ వెలిసింది. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, ఎప్పుడూ ఆగకుండా వాగే టీవీ. కుర్చీలో కూచోగానే కుర్రాడు ఒక నల్లగుడ్డ దులిపి మెడకు బిగిస్తాడు. దాన్ని దేంతో ఉతుకుతారో గానీ మల్లెపూల వాసన వేస్తుంది. కాసేపటికి గుడ్డ ఒంటి వేడికి వెచ్చబడ్డాక ఆ మల్లెల కిందనుంచి, నాకంటే ముందు కూచుని పోయిన మనిషెవరిదో చెమట వాసన మెల్లగా పైకి వస్తుంది. పక్క కుర్చీల వాళ్ళు మొహం చిట్లిస్తారు. నేను మాత్రం మెడ వంచి ఇంకోసారి పీలుస్తాను. పని అయ్యాక ఇంకో తంటా. కౌంటరు మీద టిప్పులు వేయమని ఒక గాజుసీసా పెట్టారు. అందులో వేయాలా, కుర్రాడి చేతిలో పెట్టాలా, వాడు చూస్తుండగా ఇవ్వాలా, అటు తిరిగినప్పుడు ఇవ్వాలా అన్నది అరవై దాటినా నాకు తెలిసి చావదు. సీసా ముందు నిలబడి జేబు తడుముకుంటుంటే మా అబ్బాయి నవ్వుతాడు. "గింత ఆలోచన ఏంది నాన్నా, తోచింది ఏసి రా" అంటాడు. తోచింది వేసి రావడం నేను పెరిగిన ఊళ్ళో లేదు. అక్కడ ఇవ్వడానికి ఒక పద్ధతి ఉండేది, ఆ పద్ధతే మా కొంప ముంచింది.

మా ఊరు బూర్గంపాడు దాటి లోపలికి పోయాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. ఎండలు ముదిరేసరికి ఇప్పపూల మత్తువాసన ఇళ్ళలోకి వచ్చేది, దాని వెనకే కల్లాల్లో ఆరేసిన తునికాకు వాసన, తొలకరి పడితే తడిసిన టేకాకుల వాసన. శ్రీరామనవమికి ఊరంతా బండ్లు కట్టుకుని భద్రాచలం పోయి, కల్యాణం చూసి, పానకం తాగి, వడపప్పు కొంగుల్లో కట్టుకుని దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవాళ్ళం. వేసవంతా మొర్రిపళ్ళు తిని నోరు పొక్కించుకుని, చిర్రగోనె ఆడి మోకాళ్ళు పగలగొట్టుకునే మా పిల్లమూకకు ఆదివారం వస్తే మాత్రం భయం. ఆ రోజు ముత్తయ్య వచ్చేవాడు.

ముత్తయ్య మా ఊరికి జుట్టు తీసే మనిషి. సన్నగా, నల్లగా, మింగినప్పుడల్లా కిందికీ పైకీ ఆడే గొంతుతో ఉండేవాడు. ఊరందరి గడ్డాలూ గీసే మనిషి గడ్డం మాత్రం ఎప్పుడూ తెల్లగా మాసి ఉండేది. కత్తులు, కత్తెర, జుట్టు కోసే మిషను, పటికబిళ్ళ పెట్టుకున్న తోలు పొది చంకన పెట్టుకుని వచ్చి, మా వాకిట్లో గోనెపట్టా పరిచి, ఒక్కొక్క పిల్లవాణ్ణీ ముందు కూచోబెట్టుకుని తలకాయ తన మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టేవాడు. ఇక గింజుకున్నా లాభం లేదు. మిషను పళ్ళు వెంట్రుకల్ని కోసే కన్నా పీకేవే ఎక్కువ. ఏడిస్తే "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంటూనే మిగతా సగం తల కూడా పూర్తి చేసేవాడు.

ఆయనకు జీతం అంటే పంట వచ్చినప్పుడు కల్లంలో కొలిచి పోసే వడ్లు. దాని మీద ఇచ్చే ప్రతిదానికీ ఒక మర్యాద ఉండేది. పిల్లల పుట్టువెంట్రుకలు తీస్తే తాంబూలం, బియ్యం, కొబ్బరిచిప్ప. పెళ్ళికొడుకును చేస్తే కొత్త ధోవతి. పండగపూట గారెలు, బూరెలు మోదుగాకులో కట్టి ఇచ్చేవాళ్ళు. ఏదీ చేతికివ్వకూడదు, చేటలో పెట్టి గడప బయట ఉంచాలి. తీసుకునే మనిషి అక్కడ విప్పి చూడకూడదు, బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ దాని ఊసెత్తకూడదు. వాగు అవతలి కోయగూడేల్లో అయితే ఇప్పపూలో, తేనో ఆకుదొప్పలో తెచ్చి పొది పక్కన పెట్టి, ఒక్క మాటయినా లేకుండా లేచిపోతారని ముత్తయ్య మురిసిపోతూ చెప్పేవాడు.

చావు జరిగిన ఇంటి నుంచి మాత్రం ముత్తయ్యకు పోయిన మనిషి కట్టుకున్న మంచి జత ముట్టేది. మిగతా పాతబట్టలన్నీ చాకలికి పోతే ఆ ఒక్క జతా ఆయనది. దాన్ని ఆయన తప్పకుండా తొడగాలి, మూల పడేస్తే పోయినవాళ్ళకు అవమానం. ఇచ్చిన ఇంటివాళ్ళు దాన్ని చూసీ చూడనట్టు ఉండాలి, ఇది ఫలానావారిదని ఎవరూ నోరు జారకూడదు. అందుకని ముత్తయ్య ఎప్పుడూ మా ఊరి చచ్చిపోయినవాళ్ళనే తొడుక్కుని తిరిగేవాడు. పిల్లలం వెనకనుంచి గుర్తుపట్టి కిసుక్కుమనేవాళ్ళం. ఒక పండగకు పాత పోలీసు పటేలు లాల్చీ, ఇంకో పండగకు కిరాణాకొట్టు తాత కండువా మా ముందునుంచి నడిచిపోయేవి. ఆ నవ్వు మా ఇంటి వరకూ వస్తుందని నేననుకోలేదు.

మా నాయన తునికాకు సీజన్లో కల్లేదారు. అడవిలో కోసుకొచ్చిన బీడీ ఆకుకట్టల్ని కల్లం దగ్గర లెక్కపెట్టించి తీసుకునే పని. మిగతా రోజుల్లో మాకున్న కాస్త పొలం. కల్లానికి పోయేటప్పుడు వేసుకోవడానికి ఆయనకు ఒక మందపాటి నూలు గళ్ళచొక్కా ఉండేది, పచ్చగళ్ళది. జేబు అడుగున పెన్ను కక్కిన సిరామరక ఉండేది. ఎండిన తునికాకు, చుట్టపొగ, చెమట కలిసిన ఒక వాసన దానికి. సాయంత్రం ఆయన రాగానే నేను వెళ్ళి ఆ సిరామరక మీద ముక్కు ఆనించి నిలబడేవాణ్ణి. ఆయన వంగేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు, నా తల మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడేవాడు. భద్రాచలంలో ఫొటో దిగుదామని అమ్మ ప్రతి నవమికీ అడిగేది, వచ్చే ఏడు చూద్దామని ఆయన ప్రతిసారీ అనేవాడు.

వానాకాలంలో ఆయనకు చలిజ్వరం వచ్చింది. నాటుమందు పనిచేయలేదు. మంచం మీద మోసుకుని దవాఖానాకు బయలుదేరితే వాగు పొంగి దారి లేదు. వాగు తీస్తుందేమోనని ఆ గట్టు మీదే ఎదురుచూశారు. నీళ్ళు తగ్గేసరికి మంచాన్ని వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

దినం రోజున ముత్తయ్యే నాకు గుండు గీశాడు. ఆ రోజు "అయిపాయె బిడ్డా" అనలేదు, రెండు చోట్ల గాటు పడింది. పని అయ్యాక నాయనమ్మ చేటలో ధోవతి, గళ్ళచొక్కా మడత పెట్టి గడప బయట ఉంచింది. ఆయన కళ్ళకద్దుకుని, మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నాకు అప్పుడేమీ అనిపించలేదు. ఏడుపు మాత్రం తర్వాత, గుండు మీద వెంట్రుకలు మొలిచి ఆయన మళ్ళీ మా వాకిట్లోకి వచ్చిన ఆదివారం మొదలైంది. పచ్చగళ్ళ చొక్కా మా గుమ్మంలోకి నడిచి వచ్చింది. ఆయన వెడల్పుకు అది చాలా వదులు, భుజాలు మోచేతుల దాకా జారి ఉన్నాయి. అమ్మ పద్ధతి ప్రకారం లోపలికి వెళ్ళిపోయింది. నేను గోనెపట్టా మీద కూచున్నాను, ఆయన నా తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ముందుకు వంగాడు, జేబు అడుగున సిరామరక నా ముక్కుకు తగిలింది.

వాసన అట్లాగే ఉంది. ఆకు, చుట్ట, చెమట.

ఆ తర్వాత నాకు జుట్టు తీయించుకునే పిచ్చి పట్టింది. ప్రతి ఆదివారం అందరికంటే ముందు నేనే వెళ్ళి కూచునేవాణ్ణి. "ఏందిర బిడ్డా, పోయిన ఐతారమే తీస్తిని గదా, గప్పుడే పెరిగిందా?" అనేవాడు ముత్తయ్య. "అవ్" అనేవాణ్ణి. ఆయన ఉత్త కత్తెరను గాల్లో ఆడించి, నా చెవుల దగ్గర చప్పుడు చేసి, తీసినట్టే నమ్మించేవాడు. దోస్తులు నన్ను బోడోడని పిలిచినా పడ్డాను. జుట్టు తీయించుకున్నాక ఎవర్నీ ముట్టకుండా నేరుగా బావి దగ్గరికి పోయి నీళ్ళు పోసుకోవాలి, అది అందరిళ్ళలోనూ ఉన్నదే. కానీ పెరట్లో అమ్మ కాచుకుని ఉండేది. నీళ్ళు పోయకముందే నన్ను దగ్గరకు లాక్కుని, నా తల మీద, మెడ మీద మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చేది. వెంట్రుకలు ఆమె చెంపలకు అంటుకునేవి. నాయనమ్మ చూస్తే మైలపడ్డావని తిట్టేది, అమ్మ తిట్లు తింటూనే ఇంకోసారి పీల్చి వదిలేది. ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

అయితే బట్టకు ఎవరి మీదా విశ్వాసం ఉండదు. దసరా దాటేసరికి ఆకువాసన పలచబడి ముత్తయ్య బీడీవాసన మొదలైంది, పటికవాసన చేరింది, ఆయన చెమట మా నాయన చెమటను కొంచెం కొంచెంగా తోసేసింది. సిరామరక దగ్గర మాత్రం కాస్త మిగిలింది. ఇంకో నాలుగు ఉతుకులకు అదీ పోతుందని నాకు భయం పట్టుకుంది. ఒక ఆదివారం ఆయన మోకాళ్ళ మధ్యనుంచి తల ఎత్తకుండానే చొక్కా అంచు రెండు చేతులా పట్టుకుని అడిగేశాను.

"మామా, గిది మా నాయనది. నాకియ్యవా?"

కత్తెర ఆగిపోయింది. ముత్తయ్య గొంతు కిందికీ పైకీ ఆడింది. ఆయన వెంటనే చొక్కా విప్పి నా ఒళ్ళో పెట్టేవాడే, గుండీల మీద చెయ్యి కూడా వేశాడు. అంతలో నాయనమ్మ అరుగు మీదనుంచి దిగి వచ్చింది.

"ఇప్పకు ముత్తయ్యా! పోయినోని బట్ట మళ్ల నా ఇంట్లకు రావద్దు. ఉన్న ఒక్క పోరడు వీడు" అంది. ఆమె కోపంగా లేదు, భయపడిపోయింది. ఆ వానాకాలంలోనే కొడుకును పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు మనవడు చచ్చిపోయినవాడి చొక్కా పట్టుకుని వేలాడుతుంటే ఆమెకు ఇంకేం కనపడుతుంది?

"పసిపిల్లగాని కన్ను పడ్డది గదమ్మా, ఇగ నేనెట్ల తొడగాలె?" అన్నాడు ముత్తయ్య.

మా ఇంటికి రాకూడదు, ఆయన తొడగకూడదు. పారేస్తే మా నాయనకు అవమానం, ఇంకొకరికి ఇస్తే పాపం. ఇద్దరూ వాకిట్లో నిలబడి చాలాసేపు తలలు ఊపుకుంటూ మాట్లాడుకున్నారు. లోపల తలుపు చాటున అమ్మ గాజుల చప్పుడు వినపడుతూనే ఉంది గానీ, ఇవ్వండి అని ఆమె బయటికి రాలేదు. భర్త పోయి ఏడాది తిరగని కోడలు అత్తకు ఎదురు మాట్లాడే ఇల్లు కాదు మాది.

తర్వాతి ఆదివారం ముత్తయ్య చిరుగుల బనీనుతో వచ్చాడు. నన్ను దగ్గరికి పిలిచి, నా గడ్డం పట్టుకుని, శుభవార్త చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "భద్రాద్రి పోయి గోదాట్ల ఇడిశొచ్చిన బిడ్డా. నువ్వు గుంజుతుంటే మీ నాయన పోలేక గా చొక్కనే పట్టుకోని ఉన్నడంట. ఇగ సుకంగ పోతడు, నువ్వు బుగులు పడకు."

నడిచి వెళ్ళి, నడిచి వచ్చాడట. ఉన్న ఒక్క మంచి చొక్కాను మా కోసం నీళ్ళపాలు చేసుకున్నాడు. ఆ చలికాలమంతా గోనెపట్టాను భుజాల మీద కప్పుకుని వణుకుతూ పని చేశాడు, దాని బదులు ఇంకోటి ఇవ్వడానికి కూడా పద్ధతి ఒప్పుకోలేదు, ఇస్తే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నట్టవుతుందట. నాయనమ్మ మనవణ్ణి కాపాడుకుంది. ముత్తయ్య మా నాయనను గట్టెక్కించాడు. అందరూ మంచే చేశారు, అదే నా కడుపుమంట. ఒక్కడు చెడ్డవాడు ఉన్నా వాణ్ణి తిట్టుకుని ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఆ ఆదివారం నేను జుట్టు తీయించుకుని పెరట్లోకి వెళ్తే అమ్మ అలవాటు కొద్దీ నన్ను దగ్గరికి లాక్కుంది. మొహం ఆనించి ఒకసారి ఊపిరి పీల్చి, ఆగి, నన్ను విడిచిపెట్టి చేద బావిలోకి వదిలింది. నీళ్ళు పోస్తూ నా వైపు చూడలేదు. ఆమె నన్ను అట్లా దగ్గరికి తీసుకోవడం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

ముత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కొడుకులెవరూ పొది పట్టలేదు, ఊరూరా వాకిళ్ళలో జుట్టు తీసే మనుషులు లేరు, కల్లంలో వడ్లు కొలిచి ఇచ్చే వాళ్ళూ లేరు. పోయినవాళ్ళ బట్టల్ని ఇప్పుడు మూటగట్టి ఎక్కడెక్కడో పడేస్తున్నారు. అది పోయినందుకు నాకు బాధేమీ లేదు, ఒకరి చావుబట్టలు కట్టుకుని బతికే గతి ఎవరికీ వద్దు. పోయినవాటిలో నాకు కావలసింది ఒక్కటే, అది ఏ పద్ధతిలోనూ తిరిగి రాదు. నాయన మొహం నాకు గుర్తు లేదు. కళ్ళు మూసుకుని గట్టిగా తలుచుకుంటే పచ్చగళ్ళు వస్తాయి, వాటి పైన మాసిన తెల్లగడ్డం వస్తుంది, కిందికీ పైకీ ఆడే గొంతు వస్తుంది. తుడిచేసి మళ్ళీ తలుచుకున్నా అదే.

అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఎనభై దాటాయి, మతిమరుపు వచ్చింది. తాతయ్య ఎట్లుండేవాడని మొన్న మా అబ్బాయి ఆమెను అడిగాడు. నేను పేపరు దించకుండా విన్నాను. నాయనను మొగుడిగా చూసిన కళ్ళు అవి, కనీసం ఆమె దగ్గరైనా మిగిలి ఉంటాడని నా ఆశ. అమ్మ గోడ వైపు చూసి, మొహమంతా వెలుగు చేసుకుని చెప్పింది.

"సన్నగ, నల్లగ ఉండేటోడు బిడ్డా. గడ్డం ఎప్పుడూ గీసుకునేటోడు కాదు."