బంతి ఇస్తే వెనక్కి చూశాను

ఒకే ఒక్క సాయంత్రం ఆళ్లగడ్డలో నేను మూడు పోగొట్టుకున్నాను. ఒకటి మ్యాచ్, రెండోది బస్సులో సీటు. మూడోది ఏమిటో పోనుపోను మీకే తెలుస్తుంది. ఆ సంగతి తలుచుకుని మా ఆవిడ ముందు నేను గట్టిగా నవ్వుతాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లాక కాసేపు ఊరికే కూర్చుంటాను.

డెబ్బై ఐదో ఆరో సంవత్సరం. నంద్యాలలో మా బాస్కెట్‌బాల్ జట్టుకు నేను కెప్టెన్ని. ఆరడుగుల మనిషిని. ఎగిరితే రింగు నా మోచేతికి తగిలేది. నా ఆట చూడ్డానికి కర్నూలు నుంచి జనం బస్సులెక్కి వచ్చేవాళ్లు. మీరలా చూడకండి, నిజమే చెబుతాను. ఐదడుగుల ఐదంగుళాలు. కర్నూలు నుంచి వచ్చింది ఒక్కడే, వాడు మా పిన్ని కొడుకు, అదీ వేరే పని మీద వచ్చాడు. మరి కెప్టెన్ ఎలా అయ్యానంటారా? బంతి నాది. రైల్వేలో పనిచేసే మా మేనమామ గుంతకల్లు నుంచి తెచ్చిచ్చాడు. బంతి ఎవరిదైతే జట్టు వాడిది, అంతే.

ఆళ్లగడ్డ జట్టుతో వాళ్ల ఊళ్లోనే మ్యాచ్ కుదిరింది. రెఫరీ జ్ఞానప్ప సారు, అక్కడి హెడ్మాస్టరు, ఒకప్పుడు బాగా ఆడినవాడు. ఆయన కూతురు కరుణమ్మను మా వాళ్లు నాకోసం అడిగి ఉన్నారు. సారు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

"పిల్లోణ్ణి ఆటలో సూస్తాలే. ఇంటికొచ్చి కుర్చీలో కూసున్నంతసేపూ ఎవుడైనా మంచోడే" అన్నాడట.

అంటే నా పెళ్లిచూపులకు మామగారు మెడలో విజిల్ వేసుకుని వస్తున్నాడన్నమాట.

జట్టు గట్టిగా ఉండాలి. నలుగురు కుదిరారు. పాయింట్ గార్డు దగ్గర చిక్కొచ్చిపడింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: బంతిని ముందుకు తెచ్చి, అది ఎవరికి పోవాలో తేల్చేవాడే పాయింట్ గార్డు. పోటీలో ఇద్దరున్నారు. సుంకన్న చేతికి బంతి వచ్చిందంటే అది రింగుకేసి పోవాల్సిందే, ఇంకో మనిషి మొహం చూడదు. దానియేలు మాత్రం రింగు కిందే నిలబడి కూడా పక్కవాడికి ఇచ్చేవాడు.

నాకు దానియేలు మీద మొదట్నుంచీ అనుమానమే. కారణం నంద్యాల బస్టాండు. మా దిక్కున బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు విసిరినవాడిది. కలెక్టరు వచ్చినా దాన్ని తీయడు. సుంకన్న తువ్వాలు విసిరి, సీట్లో పడి, దిగేదాకా కళ్లు తెరిచేవాడు కాదు. అది నాకు అర్థమయ్యే మనిషి. దానియేలు ఎంత రద్దీలోనైనా అనుకున్న సీట్లో తువ్వాలు పడేట్టు విసిరేవాడు. తీరా లోపలికెళ్లి ఆ సీటు ఏ ముసలమ్మకో ఇచ్చేసి, తాను కడ్డీ పట్టుకుని వేలాడేవాడు.

గెలుచుకున్న సీటును వదులుకుంటాడా! ఏమీ ఆశించకుండా మనిషన్నవాడు అలా చేస్తాడా? దీని వెనక ఏదో ఉందని నేను తేల్చేశాను.

అంతలో ఇంకో వార్త. దానియేలు ప్రతి ఆదివారం ఆళ్లగడ్డకు పోతున్నాడట. మేనత్తను చూడ్డానికని చెబుతాడట. మేనత్తను ప్రతివారం చూసేవాడు ఎవడండీ? ఆ ఆదివారం నేను తలకు, మొహానికి తువ్వాలు చుట్టుకుని అదే బస్సులో వెనక సీట్లో నక్కాను. పట్నం పోలీసులు కూడా నన్ను గుర్తుపట్టలేరు. కండక్టరు వచ్చి బస్సంతా వినబడేట్టు, "ఏం యేసురత్నమన్నా, పంటి నొప్పా?" అన్నాడు.

దానియేలు వెనక్కి తిరిగి నవ్వాడు. "మా కెప్టెన్ గూడా వస్తాండాడే! యాడికప్పా?"

"విగ్రహాలు సూడనీకి" అన్నాను. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతారు కాబట్టి బతికిపోయాను.

దిగాక ఒక అంగడి ముందు సగం చెక్కిన ఆంజనేయుడి చాటున నిలబడి చూశాను. వాడు నేరుగా జ్ఞానప్ప సారు ఇంట్లోకే దూరాడు. గంట తర్వాత నవ్వుకుంటూ బయటికొచ్చాడు, చేతిలో చెనిక్కాయ ఉండల పొట్లం. నాకు అంతా అర్థమైపోయింది. ఆళ్లగడ్డవాళ్లు వాణ్ణి కొనేశారు, అదీ చెనిక్కాయ ఉండలకు!

అడ్డం పోయాను. "ఆ ఇంట్లో నీకేం పని?"

"నీ పనే."

"నా గురించి ఏం చెప్పినావ్?"

"ఉండేదే చెప్పినా."

చూశారా, ఎంత పెద్ద కుట్రో! నా గురించి ఉన్నది ఉన్నట్టు చెబితే ఇంక నాకేం మిగులుతుంది? వాడు పొట్లం చాపి, "తినప్పా, ఒగటి" అన్నాడు. మందేదో పెట్టుంటాడని తినలేదు. మర్నాడే సుంకన్నను పాయింట్ గార్డును చేసి, దానియేలును బెంచీ మీద కూర్చోబెట్టాను.

మ్యాచ్ రోజు పదివేల మంది వచ్చారు. సరే, వంద. అందులో సగం మంది గ్రౌండు చుట్టూ నీడ ఉందని వచ్చారు.

సుంకన్న మొదట నాలుగు బాస్కెట్లు వేశాడు. నేను జ్ఞానప్ప సారు వైపు చూసి, ఇవన్నీ నేనే వేసినట్టు నవ్వాను. తర్వాత ఆళ్లగడ్డవాళ్లకు విషయం అర్థమైంది: ఈ ఒక్కణ్ణి పట్టుకుంటే చాలు, మిగతావాళ్లకు బంతి రాదు. ముగ్గురు వచ్చి వాడి చుట్టూ నిలబడ్డారు. మిగిలిన మేము నలుగురం ఆ ఊళ్లో రోడ్డు పక్కన అమ్మకానికి పెట్టిన విగ్రహాల్లా ఉండిపోయాం.

"ఇయ్యప్పా, బంతి ఇయ్యి!" అని అరిచాను.

"యాడుండావో కనపళ్యా!"

"నీ ముక్కు ముందరే ఉండా గదరా!"

"ఉండు మళ్ల, ఈ ఒక్కటి ఏసి సూస్తా!"

ఆ ఒక్కటి ఆట చివరిదాకా సాగింది. చివర్లో వాడికి పిక్క పట్టేసి కూలబడ్డాడు. ఒక్క పాయింటు వెనకున్నాం. మావాళ్లంతా "దానియేలును దింపప్పా, బేగా!" అని మీద పడితే, మనసొప్పకపోయినా దింపాను.

వాడు బంతి నడుపుకుంటూ వచ్చాడు. ఇద్దరు వాడి మీదికి పోయారు. రింగు కింద నేను ఒంటరిగా ఉన్నాను. నా చుట్టూ గాలి తప్ప ఏమీ లేదు. వాడు ఆ ఇద్దరి మధ్యలోంచి, తువ్వాలు విసిరినంత చక్కగా, నాకే విసిరాడు. నేను ఎగిరి వేస్తే మ్యాచ్ మాది, కరుణమ్మ నాది.

నేనేం చేశానో తెలుసా? నాకే ఎందుకిస్తున్నాడబ్బా, నా వెనక ఎవరున్నారు అని వెనక్కి తిరిగి చూశాను.

బంతి వచ్చి నా చెవికి తగిలి లైను దాటిపోయింది. కాసేపటికే ఆట ముగిసింది.

జ్ఞానప్ప సారు విజిల్ తీసి దగ్గరికొచ్చాడు. "ఏమప్పా, ఈ దానియేలు ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి, మా కెప్టెన్ సొంత బంతిని అందరికీ ఇచ్చి ఆడిపిస్తాడు, శానా మంచోడు సార్ అని చెప్పి చెప్పి నా చెవులు తినె. అట్లాటోణ్ణి బెంచీ మింద కూసోబెడితివి. ఇచ్చిన బంతికి ఎనక్కి సూస్తివి. రేపు నా బిడ్డ కాఫీ ఇచ్చినా ఎనక్కి సూస్తావా?"

మూడోది ఏమిటో తెలిసింది కదా!

అంతటితో బుద్ధి రావాలా, రాలేదు. తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. దానియేలు తువ్వాలు విసిరి సీటు పట్టి, "కూసోప్పా, అలిసిపోయినావు" అన్నాడు.

నేను బంతిని గుండెకు హత్తుకున్నాను. ఊరికే నన్ను పొగిడాడు, ఇప్పుడు ఊరికే సీటిస్తున్నాడు. వీడి కన్ను నా బంతి మీదే ఉంది! "నీకేం కావల్లో ముందు చెప్పు."

"నాకేం కావాల? సీటు నీకి కావాల్నా, వద్దా?"

"వద్దు!"

ఆ సీట్లో సుంకన్న కూలబడి, బస్సు కదలకముందే గురక పెట్టాడు. నేను నంద్యాల దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను.

దానియేలు మాత్రం ఆదివారాలు ఆళ్లగడ్డకు పోవడం మానలేదు. నా గురించి చెప్పడానికి ఇక ఏమీ లేదు కాబట్టి తన గురించి చెప్పుకున్నట్టున్నాడు. ఏడాది తిరక్కముందే కరుణమ్మతో వాడి పెళ్లి జరిగింది. పెళ్లి భోజనాల దగ్గర నేను వాణ్ణి పట్టుకున్నాను. "నేనప్పుడే అనుకుంటి! నీ ఎనక ఏందో ఉండాదని!"

వాడు నా ఆకులో ఇంకో లడ్డు వేయించి తాపీగా అన్నాడు: "సారుకి నీ గురించి చెప్తి, పట్టుకోల్యా. బంతి ఇస్తి, పట్టుకోల్యా. సీటు ఇస్తి, అదీ పట్టుకోల్యా. ఎన్నిసార్లని ఇచ్చేదప్పా? ఆట అయిపోతాంటే ఇంగేం జేద్దు, నేనే ఏసినా."

ఆ లడ్డును మాత్రం ఎందుకు వేయించావని అడగకుండా తినేశాను.

పెద్దలూ, పిల్లలూ, బస్సు ప్రయాణికులూ వినండి. మా ఆవిడ సాక్షిగా, చిల్లుపడి ఇప్పటికీ అటక మీదున్న ఆ బంతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బస్సులో ఎవరైనా లేచి నాకు సీటిస్తే, నేను వెనక్కి తిరిగి చూడను. ముందు కూర్చుంటాను. అనుమానం కూర్చున్నాక పడతాను.