‘బ’ మీద తలకట్టు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వు వచ్చేది. పొలం దగ్గర మోటారు వేయడానికి చీకట్లో ఒక్కదాన్నే పోయి వచ్చినదాన్ని. మా ఇంట్లో చావులు జరిగాయి, ఆ గదుల్లోనే పడుకున్నాను. ఏనాడూ ఏమీ కనిపించలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని రాయడం లేదు. ఒక అక్షరాన్ని చూశాను. అంతే.

మాది లింగాల ఘనపూర్ దగ్గర ఊరు. నేనూ నా స్నేహితురాలు కొమురమ్మా ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. కలిసి నాట్లు వేశాం, కలిసి ముసలివాళ్ళమయ్యాం. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, యాభై దాటాక రాత్రి బడిలో కలిసే పలక పట్టాం.

కొమురమ్మకు ఒక తప్పు పోలేదు. క, త, మ లాంటి అక్షరాల నెత్తిన తలకట్టు ఉంటుంది కదా. బ, ల, జ లకు ఉండదు. ఆమె వాటికి కూడా పెట్టేది. సారు దిద్దినప్పుడల్లా వాదించేది.

“గిట్ల బోడి నెత్తితోని బయటికి పంపుతమా సారూ దాన్ని? జర కొంగు కప్పనియ్యి.”

బడిలో ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. సారు చివరికి వదిలేశాడు. ఆమె పెట్టే తలకట్టు కూడా వేరుగా ఉండేది. కొడవలి కొనలాగా కుడివైపు పైకి లేచేది. ఎన్ని పలకల మధ్య పెట్టినా ఆమె పలకను నేను గుర్తుపట్టేదాన్ని.

కొమురమ్మకు ఒక్కతే బిడ్డ, స్వరూప. దంతాలపల్లి అబ్బాయికి ఇచ్చారు. అల్లుడు భూపాలపల్లిలో కాంట్రాక్టు పనులు చేసేవాడు. అక్కడ ఇంకో అమ్మాయితో కాపురం పెట్టాడని తెలిసి స్వరూప తల్లి దగ్గరికి వచ్చేసింది. జనగామలో ఒక కుట్టు దుకాణంలో పనికి కుదిరింది. కొన్నాళ్ళకు అల్లుడు, ఆ అమ్మాయిని వదిలేశానని, స్వరూపను పంపమని పెద్దమనుషులతో కబురు పెట్టాడు.

ఆ మాటలు నడుస్తుండగానే కొమురమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. దవాఖానలో స్వరూప ఏడుస్తూ, “అమ్మా, నన్ను పొమ్మంటవా, వద్దంటవా?” అని అడిగింది. నేను పలక తెచ్చి ఎడమ చేతికి బలపం ఇచ్చాను. ఆమె ఒకే ఒక్క అక్షరం రాసింది. ‘బ’. దాని మీద తలకట్టు పెట్టింది. చెయ్యి జారిపోయింది. రెండో రోజు ప్రాణం పోయింది.

ఆ ‘బ’ ఏమిటన్నది ఎవరికీ తెలియలేదు. బిడ్డ అని రాయబోయిందేమో అన్నాను నేను. దంతాలపల్లి పెద్దమనిషి మాత్రం గట్టిగా చెప్పాడు.

“బ అంటే బతుకు. మొగనితోని బతుకు బిడ్డా అని రాయబోయింది. తల్లి ఆఖరి మాట కాదంటవా?”

స్వరూప కాదనలేకపోయింది. తల్లి అదే అన్నదని నమ్మలేదు, కాదని చెప్పడానికి ఆధారమూ లేదు. నన్ను అడిగితే నేనేం చెప్పగలను? చివరికి పోతానని ఒప్పుకుంది. తీసుకుపోవడానికి వాళ్ళు వచ్చే ముందు రోజు, “మళ్ళ ఎప్పుడు కలుస్తమో పెద్దమ్మా, ఒక సినిమా చూద్దం రా” అని నన్ను జనగామకు తీసుకుపోయింది.

అది నవ్వుల సినిమా. ఒకడు ముగ్గురు అమ్మాయిలకు పెళ్ళి చేసుకుంటానని మాట ఇస్తాడు. ముగ్గురూ కలుసుకుంటారు. జుట్లు పట్టుకుంటారని మనం అనుకుంటాం. వాళ్ళు మాత్రం స్నేహితులై వాడి పని పడతారు. వాడి పెళ్ళి బట్టల్లో దురదగొండి పొడి చల్లుతారు. ముగ్గురిలో ఒకామె మన యాసలోనే మాట్లాడుతుంది. మన మాటను సినిమాల్లో పనిమనుషులకూ రౌడీలకూ పెట్టి నవ్వించడమే చూశాను ఇన్నేళ్ళు. ఇందులో తెలివంతా ఆమెదే. స్వరూప చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది. నేనూ నవ్వాను.

చివర్లో మన యాస మాట్లాడే అమ్మాయే పెళ్ళికారు వెనక అద్దం మీద లిప్‌స్టిక్‌తో పెద్దగా ‘బట్టెబాజ్’ అని రాస్తుంది. మోసగాడిని మా దగ్గర అట్లాగే తిడతారు. హాలంతా ఈలలు.

చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళు మాటను మొత్తంగా ఒకేసారి చూస్తారు. నేను ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, ఒక్కొక్క అక్షరం పట్టుకుని పోతాను. అందుకే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ‘బ’ మీద తలకట్టు ఉంది. కుడివైపు పైకి లేచి, కొడవలి కొనలాగా ఉంది.

నా నవ్వు ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి కారు కదిలిపోయింది. స్వరూపకు చెప్పలేదు. కొమురమ్మ మీద బెంగతో అట్లా కనిపించిందనుకున్నాను.

బస్సులో స్వరూప కిటికీ పక్కన కూర్చుంది. దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో ‘బ’ రాసింది. నా వైపు చూసి, మెల్లగా దాని మీద తలకట్టు గీసింది.

“నువ్వు గూడ చూసినవా పెద్దమ్మా?”

“చూసిన.”



తెల్లవారి దంతాలపల్లి వాళ్ళు వచ్చారు. స్వరూప గడప దాటలేదు, రానని చెప్పింది. ఆ పెద్దమనిషి, “మీ అమ్మ రాసింది అప్పుడే మరిచినవా?” అని అడిగాడు.

“మా అమ్మ మాటనే వింటున్న పెదబాపూ” అంది స్వరూప.

కొన్ని నెలలకు ఆ సినిమా ఫోన్‌లో వచ్చింది. ఇద్దరం కూర్చుని ఆ చోట ఆపి చూశాం. ‘బ’ బోడిగా ఉంది. తలకట్టు లేదు. ముందుకు జరిపి చూశాం, వెనక్కి జరిపి చూశాం. లేదు. కుట్టు దుకాణంలో ఒకామె కూడా హాల్లోనే చూసిందట. అడిగితే, “కారు మీద తిట్టు చూస్తరా, తలకట్లు చూస్తరా?” అని నవ్వింది.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. ఇద్దరి బెంగ ఒకటై, ఒకే పొరపాటు పడ్డాం అనుకునేదాన్ని.

సినిమా చూసినప్పటి నుంచీ స్వరూప మనసులో ఏముందో, ఒకరోజు భూపాలపల్లి అమ్మాయి నెంబరు సంపాదించి నా ముందే ఫోన్ చేసింది. ఆమె పేరు లత, డిగ్రీ చదివింది. కొట్లాట అవుతుందని నేను భయపడ్డాను.

“తిట్టనీకి చెయ్యలేదు చెల్లే. నా గురించి నీకేమని చెప్పిండు?”

పెళ్ళాం చనిపోయిందని చెప్పాడట. ఆమెను వదిలేశానన్నదీ అబద్ధమే, ఇంకా ఆమె ఇంట్లోనే ఉంటున్నాడట.

“అవునా? మరి నా దినానికి ఎవలనన్న పిలిచిండా, ఒక్కడే తిన్నడా?” అంది స్వరూప.

 అవతల నుంచి నవ్వు వినిపించింది. తర్వాత ఏడుపు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళ లెక్క ఉన్నారు.

కొన్నాళ్ళకు అతను తెల్ల కారు కొన్నాడు. బొట్టు పెట్టమని లతకే చెప్పాడు. ఆమె కారు ముందు భాగానికి పసుపు, కుంకుమ పెట్టి, వెనక అద్దం మీద తడి పసుపుతో ‘బట్టెబాజ్’ అని రాసింది. తర్వాత తన సామాను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అతను ఆ కారుతో భూపాలపల్లి బజారంతా తిరిగి, దంతాలపల్లికి వెళ్ళి పెద్దమనుషుల ముందే ఆపాడట. వెనక ఏముందో ఆ పెద్దమనిషే చదివి చెప్పాడట.

లత ఫోటో పంపింది. స్వరూప పడీపడీ నవ్వుతూ ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను నా అలవాటు ప్రకారం మొదటి అక్షరం చూశాను. దాని మీద వేలు పెట్టి ఫోన్ తిరిగి ఇచ్చాను. స్వరూప నవ్వు ఆగిపోయింది.

లతకు ఫోన్ చేసి, ‘బ’ మీద తలకట్టు ఎందుకు పెట్టావని అడిగాం.

“బ మీద తలకట్టు ఎవలు పెడ్తరక్కా?” అంది. ఫోటో చూడమన్నాం. చూసి, “నేను పెట్టలే. పసుపు కారిందేమో” అంది.

పసుపు కారితే కిందికి కారుతుంది. ఆ గీత పైకి లేచి ఉంది.

పలక సంగతి లతకు చెప్పావా అని స్వరూపను ఎన్నోసార్లు అడిగాను. చెప్పలేదని తల్లి మీద ఒట్టు వేసింది. సినిమాలో లేకుండా పోయిన తలకట్టు ఈ ఫోటోలో మాత్రం ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను, ఎప్పుడు చూసినా ఉంటుంది.

కొమురమ్మ రాయబోయింది బతుకో, బిడ్డో, ఈ తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పలక తుడవకుండా దాచాను. ఇదంతా రాస్తున్నప్పుడు కూడా ‘బ’ వచ్చిన ప్రతిచోటా నా చెయ్యి ఆగింది. సారు చెప్పినట్టు బోడిగానే వదిలి ముందుకు పోయాను. పోతూ పోతూ, ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.