అన్న పెట్టిన చీర

కొమురవ్వ ఎవరి దగ్గరా చెయ్యి చాచిన మనిషి కాదు. ఆ సంగతి పదిమందికీ తెలియాలని కోరుకునే మనిషి కూడా. పెళ్లయిన ఏడాదే భర్త నర్సింగం వెంట కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చింది. అతను ఖటోదరాలో మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తుంది. పొద్దున సేటు మనిషి పడేసిపోయిన మూటను సాయంత్రానికల్లా తళతళలాడించి పంపేస్తుంది. తను మాత్రం ఆ రాళ్ల చీర ఒక్కటీ కట్టదు. "ఒళ్లంత గీక్కపోతది. గవి సూసుటానికే" అంటుంది.

ఆ గల్లీలో అందరూ తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లే. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా వచ్చిన ఆడవాళ్లకు బొట్టుపెట్టి చీర పెట్టాలి. ఆ చీరలు కట్టుకోవడానికి కాదు. మడత విప్పకుండా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరగడానికి. తిరిగి తిరిగి ఒక్కోసారి మొదట కొన్న మహాతల్లి చేతికే వస్తాయి. ఆవిడ "అబ్బ, మంచిగున్నదే" అని మెచ్చుకుని బీరువాలో దాస్తుంది. పాపం, ఇంకేం చేస్తుంది!

కొమురవ్వ కూతురు సుమన బీకాం చదువుతోంది. సరిహద్దు అవతలి సింధు ప్రాంతం నుంచి వచ్చేసిన కొన్ని కుటుంబాలు ఊరి బయట కడోదరా అవతల ఖాళీ జాగాలో రేకులు, టార్పాలిన్లు వేసుకుని ఉంటున్నాయని కాలేజీలో తెలిసింది. సుమనా, స్నేహితులూ సాయం పోగుచెయ్యడానికి బయలుదేరారు. బియ్యం, గిన్నెలు, సబ్బుల పని తలా ఒకరు తీసుకున్నారు. నేతవాళ్ల పిల్ల కదా అని బట్టల పని సుమనకు అప్పగించారు. సుమన గల్లీలో అడిగిందో లేదో, బీరువాల్లో మగ్గుతున్న తిరుగుడు చీరలన్నీ బయటికి వచ్చాయి. అసలు ఆ వచ్చిన ఆడవాళ్లు ఏం కట్టుకుంటారు అని ఒక్కరూ అడగలేదు. ఆడదానికి బట్ట అంటే చీరే అని పుట్టినప్పటి నుంచి నమ్మినవాళ్లాయె. సుమనకూ తోచలేదు.

అంతా సవ్యంగానే జరిగిపోయేది, పొరుగు కాలనీలో ఉండే బ్యాంకు ఆఫీసరు భుజంగరావు గారి భార్య సీత రాకపోయి ఉంటే. ఆవిడ రిక్షా దిగి, అట్టపెట్టెలోంచి పట్టుచీర తీసి మూట మీద పెట్టింది.

"వాళ్లూ మనలాంటి ఆడవాళ్లే కదండీ. ఇస్తే మంచిదే ఇద్దామనిపించింది" అంది నెమ్మదిగా.

గల్లీ గల్లీ అంతా ఆవిణ్ని ఆకాశానికెత్తింది. తన కూతురు పోగుచేసిన మూట మీద పొరుగు కాలనీ మనిషికి పేరు రావడం కొమురవ్వకు మింగుడుపడలేదు. విసవిసా లోపలికి వెళ్లి మెరూన్ రంగు చీరతో వచ్చింది. ఆకుపచ్చ అంచు. సుమన పెద్దమనిషి అయినప్పుడు అన్న సోమలింగం తన చేతిమగ్గం మీద నేసి తెచ్చి పెట్టిన చీర. ఆ తర్వాత అతను మగ్గం అమ్మేసుకున్నాడు. అటువంటిది మళ్లీ రాదు.

"అమ్మా, గది మామ పెట్టింది గదనే! వద్దు, లోపల పెట్టు."

"ఊకో. ఇచ్చేటప్పుడు పానం లెక్క సూసుకునేదే ఇయ్యాలె" అంది కొమురవ్వ, సీతకు వినపడేలా.

ఇచ్చిన క్షణం నుంచీ ఆమెకు మనసు మనసులో లేదు. అన్న ముఖం కళ్లముందు మెదిలేది. అందుకే వారం తిరిగాక పిల్లలు దుప్పట్లు పంచడానికి టెంపోలో వెళుతుంటే "నేను గూడ వస్త" అని ఎక్కి కూర్చుంది. తన చీర ఎవరు కట్టుకున్నారో చూడాలి. కట్టుకున్న మనిషి వచ్చి దండం పెడితే ఏమనాలో కూడా కూరగాయల బజారులో నేర్చిన హిందీలో దారంతా కూడబలుక్కుంది.

తీరా అక్కడ చూస్తే అందరూ ఘాగ్రాలు, ఓణీలే. చీర కట్టిన ఆడది ఒక్కతీ లేదు. గల్లీ చీరలు రేకుల కింద ఎండ ఆపుతున్నాయి. సీత గారి పట్టుచీర ఉయ్యాలై ఊగుతోంది. అది చూసి కొమురవ్వకు లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం నిలవలేదు. జాగా చివర నాలుగు వెదురు గుంజలకు చుట్టూ బిగించి ఉంది మెరూన్ చీర. ఆకుపచ్చ అంచు బురదలో నానుతోంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మా అన్న నేసిన చీర! గిట్ల గుంజలకు కడ్తరా? ఏం మనుషులు వీళ్లు!" అంటూ పరుగులాంటి నడకతో వెళ్లింది. ఎవరో ముసలామె చేతులు ఊపుతూ అడ్డం వస్తే, హిందీలో "మీకు ఇజ్జత్ అంటే తెలుసా?" అని కసిరి, చీర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ముళ్లు ఊడిపోయాయి.

లోపల బకెట్టు ముందు ఒక పడుచుపిల్ల స్నానం చేస్తోంది. సుమన కంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. మోకాళ్లు దగ్గరికి లాక్కుని తల వాటిలో దాచుకుంది. టెంపో దగ్గర దుప్పట్లు దించుతున్న కుర్రాళ్లు ఇటు చూసి, చటుక్కున ముఖాలు తిప్పుకున్నారు.

కొమురవ్వ చేతులు రెండూ బారచాచి చీరను అడ్డం పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడింది. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. ఇజ్జత్ గురించి అడిగిన నోటిని ఏం చెయ్యాలో తెలియలేదు. అడ్డం వచ్చిన ముసలామె ఓణీ తీసుకుని ఆ పిల్ల దగ్గరికి పరుగెత్తింది. ఆ ముసలామె పేరు ధన్‌బాయి అని తర్వాత తెలిసింది.

సుమన వచ్చింది. తల్లి ముఖం చూడలేదు.

"నువ్వెందుకొచ్చినవమ్మా గిక్కడికి?" అంది గొంతు తగ్గించి.

కొమురవ్వ ఆ పిల్ల సబ్బు కూడా కడుక్కోకుండా తడి ఒంటి మీదే బట్టలు వేసుకుని వెళ్లిపోయేదాకా చేతులు దించలేదు.

అప్పుడు ధన్‌బాయి వచ్చి చీర అందుకుంది. బురద అంచును మిగిలిన నీళ్లలో జాడించి, పిండి, విప్పి ఎండకు పట్టి చూపించింది.

"చూడు బెన్, ఎక్కడా చిరగలేదు. మేకులు కొట్టలేదు, ముళ్లే వేశాం. తీసుకుపో. ఆడపిల్లలు ఇదివరకటిలా తెల్లారకముందే నీళ్లు పోసుకుంటారులే" అంది హిందీలో, చెల్లెల్ని పిలిచినట్టు బెన్ అంటూ.

ఆమె గొంతులో కోపం లేదు. ఈ మనిషికి బాధంతా చీర గురించే అని ఆమె నిజంగానే అనుకుంది. ఉన్నమాటేగా! కొమురవ్వ కూడబలుక్కున్న హిందీ అంతా ఎటో పోయింది. చీర లాక్కుని, గుంజ గుంజకూ తిరిగి, తనే మళ్లీ కట్టింది. అంచు నేలకు తగలకుండా పైకి ఎత్తి కట్టింది. గాలికి లేవకుండా కింది కొసలను కూడా గుంజలకు ముడివేసింది. ముడి ముడినీ లాగి చూసి, వెనక్కి తిరిగింది.

స్నానాలకు వంతు కోసం ఆడవాళ్లు బకెట్లతో నిలబడి ఉన్నారు. కొమురవ్వ తప్పుకుని దారి ఇచ్చింది. ఎవరూ కదల్లేదు, ఆమె చేతుల వంకే చూస్తున్నారు. ఆమె ఇంకాస్త దూరం జరిగి నిలబడింది. అయినా కదల్లేదు. టెంపో ఎక్కి కూర్చుని, అది రోడ్డు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. అప్పటిదాకా ఒక్క ఆడమనిషీ ఆ చీర చాటుకు వెళ్లలేదు.